పది ఒకటయ్యే చోటు: స్థాన విలువ, కూడిక, తీసివేతల బోధనపై సమీక్ష

52లోంచి 27 తీసేయమని రెండో తరగతి పిల్లలను అడిగితే, ఏ ఊరి బడిలోనైనా కొన్ని పలకల మీద 35 కనిపిస్తుంది. రెండులోంచి ఏడు పోదు గనక ఏడులోంచి రెండు తీసి ఐదు వేస్తారు. ఐదులోంచి రెండు తీసి మూడు వేస్తారు. ఇది పరధ్యానంగా చేసిన లెక్క కాదు. పెద్దదానిలోంచి చిన్నది తీయాలని చెప్పిన మాటను పిల్లలు అక్షరాలా పాటించారు. వాళ్లకు కనబడింది యాభై రెండూ ఇరవై ఏడూ కాదు, నాలుగు విడి అంకెలు.

ఈ చిన్న లెక్క దేశమంతటికీ కొలబద్ద అయింది. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి గ్రామీణ భారతంలో ఇంటింటికీ తిరిగి చేస్తున్న ‘అసర్’ సర్వేలో, అప్పు తెచ్చుకోవాల్సి వచ్చే రెండంకెల తీసివేత ఒక మెట్టు. మూడో తరగతి పిల్లల్లో కనీసం ఆ మెట్టు ఎక్కగలిగినవారు 2018లో 28.2 శాతం, కోవిడ్ తర్వాత 2022లో 25.9 శాతం, 2024లో 33.7 శాతం. మెరుగుదల ఉన్న మాట నిజమే. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఇంకా మెట్టు కిందే ఉన్నారు.

దీనికి మందు ఏమిటన్న చర్చ ఇప్పటిది కాదు. పద్ధతిని గట్టిగా సాధన చేయించాలని ఒక పక్షం, ముందు అర్థం కావాలని మరో పక్షం దాదాపు తొంభై ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. పుల్లలూ పూసలూ ఇస్తే చాలని కొందరు, సంఖ్యల పేర్లలోనే చిక్కు ఉందని కొందరు, టీచరుకే సరిగ్గా తెలియదని కొందరు అంటారు. ఈ వాదాలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో స్థాన విలువ ఒక పాఠం, కూడిక తర్వాతి పాఠం, తీసివేత ఆ తర్వాతిది. పిల్లల బుర్రలో మాత్రం అవి మూడూ ఒకటే పాఠం. పది ఒకట్లను కట్టి ఒక పది చేయడం కూడికలోనూ, ఆ కట్టను విప్పడం తీసివేతలోనూ పదేపదే జరిగితేనే స్థాన విలువ వంటబడుతుంది. ముందే నేర్పేసి తర్వాత వాడుకోమనే సరుకు కాదది.

తప్పులకూ ఒక తర్కం

పిల్లల తప్పుల్ని లెక్కపెట్టడం మాని చదవడం మొదలయ్యాక ఈ రంగం మలుపు తిరిగింది. 1978లో అమెరికన్ పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ‘బగ్గీ’ అనే కంప్యూటర్ నమూనాతో తీసివేత తప్పుల్ని విశ్లేషించారు. ఎక్కువ తప్పులు గుడ్డిగా పడ్డవి కావనీ, పిల్లలు ఒక తప్పుడు విధానాన్ని క్రమం తప్పకుండా పాటిస్తుంటారనీ చూపించారు. రెండేళ్ల తర్వాత బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్‌తో కలిసి మరో అడుగు వేశారు. మధ్యలో దారి తెలియని చోటికి చేరిన పిల్లలు అక్కడే ఆగిపోరు. ఏదో ఒక అతుకు వేసుకుని ముందుకు సాగుతారు. ఆ అతుకే తప్పుగా బయటపడుతుంది.

203 − 58 తీసుకుందాం. సరైన జవాబు 145. ఒక బిడ్డ 255 వేస్తుంది: ఏ నిలువు వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే ఆ అమ్మాయికి తెలిసిన తీసివేత. ఇంకొకరు 155 వేస్తారు: వందల నుంచి ఒకటి తెచ్చి, పదుల ఇంట్లో ఆగకుండా నేరుగా ఒకట్లకు ఇచ్చారు. వంద కాస్తా దారిలో పదైపోయింది. ఆపైన సున్నాలోంచి ఐదు పోదని ఐదే వేశారు. మూడో బిడ్డ 245 వేస్తాడు: సున్నాను తొమ్మిది చేయాలని గుర్తుంది, ఆ తొమ్మిది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తులేదు. అందుకే వందల స్థానంలో రెండు రెండుగానే ఉండిపోయింది. మూడు నోటు పుస్తకాల్లోనూ ఒకే ఎర్ర ఇంటూ పడుతుంది. కానీ ముగ్గురికీ కావాల్సిన సాయం మూడు రకాలు. సున్నా మీదుగా సాగే తీసివేత ఇంత మందిని ఇబ్బంది పెట్టడానికి కారణం సున్నా కష్టమైన అంకె కావడం కాదు. వందను పది పదులుగా, వాటిలో ఒక పదిని పది ఒకట్లుగా, వెంటవెంటనే రెండుసార్లు విప్పాలి. పదిని ఎప్పుడూ విప్పి చూడనివాళ్లకు అది మంత్రం మీద మంత్రం.

కూడికలోనూ ఇలాంటి చిట్టా ఉంది. 38 + 25 వేయమంటే 513: మూడూ రెండూ ఐదు, ఎనిమిదీ ఐదూ పదమూడు, రెండూ పక్కపక్కన రాశారు. 345 + 27 వేయమంటే 615: ఎడమ అంచు కలిసేలా రాయడంతో 27 కాస్తా 270 అయింది. మూడు వందల ఐదు రాయమంటే 3005: విన్నది విన్నట్టు రాశారు.

ఈ చిట్టాకు మూలం ఎక్కడుందో పియాజే శిష్యురాలు కాన్‌స్టాన్స్ కమీ ఒక చిన్న పరీక్షతో చూపించారు. పదహారు బిళ్లలు ముందు పెట్టి, 16 అని రాసిన కార్డు చూపిస్తారు. ఆరును చూపి, ఇది ఎన్ని బిళ్లలని అడిగితే పిల్లలు ఆరు బిళ్లలు చూపిస్తారు. ఒకటిని చూపి అడిగితే చాలామంది ఒక్క బిళ్లే చూపిస్తారు. మిగిలిన తొమ్మిది బిళ్లలు దేనికీ చెందకుండా అలాగే ఉండిపోతాయి, ఆ సంగతి వాళ్లకు వింతగా కూడా అనిపించదు. ఇదే పిల్లలు ‘16లో 1 పదుల స్థానంలో ఉంది’ అని తడుముకోకుండా చెప్పగలరు.

ఇక్కడే బ్రిటన్ గణిత విద్యావేత్త ఇయన్ థాంప్సన్ చేసిన విభజన పనికొస్తుంది. 52లో 5 అంటే యాభై అని తెలియడం ఒకటి, అది పదుల గడిలో ఉన్న ఐదు అని తెలియడం ఇంకొకటి. మొదటిది పరిమాణం, రెండోది గడి. నోటి లెక్కలకు మొదటిది చాలు: యాభై, ఇరవై కలిపితే డెబ్భై. నిలువు లెక్కకు రెండోది కావాలి. మన పరీక్షల్లో ‘4,572లో 5 ముఖ విలువ ఎంత, స్థాన విలువ ఎంత’ అనే ప్రశ్నకు పిల్లలు గడిని చూసి సున్నాలు తగిలించి మార్కులు తెచ్చుకుంటారు. పరిమాణం తెలిసిందో లేదో ఆ ప్రశ్న పట్టుకోలేదు.

యాంత్రికమా, అర్థవంతమా

1930లలో అమెరికాలో అంకగణితం అంటే సాధనే. విడి విడి నిజాల్ని బట్టీ పట్టించడమే శాస్త్రీయం అనుకునే రోజుల్లో, 1935లో విలియం బ్రౌనెల్ లెక్కలకు అర్థమే పునాది అని వాదించాడు. వాదనతో ఊరుకోకుండా, మోజర్‌తో కలిసి మూడో తరగతి పిల్లల తీసివేత మీద పెద్ద అధ్యయనం చేసి 1949లో ప్రచురించాడు. అందులో పోల్చింది రెండు పద్ధతుల్ని. మొదటిది మన బడుల్లో నేర్పే పదిని విడగొట్టే పద్ధతి: 52ను నలభై, పన్నెండుగా మార్చి, ఇరవై, ఏడు తీసేస్తే ఇరవై, ఐదు మిగులుతాయి. రెండోది రెంటికీ సమానంగా కలిపే పద్ధతి: పైన ఒకట్లకు పది కలిపి రెండును పన్నెండు చేస్తారు, కింద పదులకు ఒకటి కలిపి ఇరవైని ముప్పై చేస్తారు. రెండు సంఖ్యలూ పదేసి పెరిగాయి గనక తేడా మారదు. ఒక్కో పద్ధతినీ కొందరికి కారణాలు చెప్పి, కొందరికి కేవలం అడుగుల వరుసగా నేర్పారు.

పదిని విడగొట్టే పద్ధతిని అర్థంతో నేర్చుకున్నవారు ముందున్నారు, ముఖ్యంగా కొత్త రకం లెక్కలు ఎదురైనప్పుడు. సమానంగా కలిపే పద్ధతికి కారణం చిన్నపిల్లలకు వివరించడం కష్టమైంది. అమెరికా బడుల్లో విడగొట్టే పద్ధతి స్థిరపడడానికి ఈ అధ్యయనం తోడ్పడింది. దానిలో అంతగా ప్రచారానికి రాని ఇంకో ఫలితం ఉంది. అంతకుముందు లెక్కల్ని యాంత్రికంగా నేర్చుకుంటూ వచ్చిన పిల్లలకు మూడో తరగతిలో హఠాత్తుగా అర్థం చెప్పడం మొదలుపెడితే పెద్దగా లాభం కనిపించలేదు. అర్థం అనేది తీసివేత పాఠం రోజున మొదలుపెట్టేది కాదన్నమాట.

ఈ వాదాన్ని అంచు దాకా తీసుకెళ్లింది కమీ. 1998లో ఆన్ డొమినిక్‌తో కలిసి రాసిన వ్యాసంలో, ఒకటి నుంచి నాలుగు తరగతుల్లో నిలువు పద్ధతి నేర్పడమే హానికరం అన్నారు. వారి సాక్ష్యం 7 + 52 + 186 అనే లెక్క. అడ్డంగా రాసి, కాగితం లేకుండా చేయమన్నారు. నిలువు పద్ధతి నేర్చుకున్న రెండో తరగతిలో 12 శాతం, కొంత నేర్చుకున్న తరగతిలో 26 శాతం, అసలు నేర్చుకోని తరగతిలో 45 శాతం మంది సరిగ్గా చెప్పారు. శాతాలకన్నా తప్పుల తీరు ముఖ్యం. నేర్చుకోనివారి తప్పులు సరైన జవాబుకు చుట్టుపక్కల ఉన్నాయి. నేర్చుకున్నవారి తప్పులు కొన్ని వేలల్లోకి వెళ్లాయి, కొన్ని 186 కన్నా తక్కువ ఉన్నాయి. అంకెల్ని కలుపుతున్నవారికి మొత్తం ఎంత ఉండాలో అంచనా ఉండదు.

ఈ ఫలితాన్ని యథాతథంగా తీసుకోలేం. ఇవి కొన్ని తరగతి గదులే, పైగా కాగితం లేకుండా పెట్టిన పరీక్ష నిలువు పద్ధతికి అననుకూలం. దీనికన్నా బరువైన సాక్ష్యం అదే ఏడాది థామస్ కార్పెంటర్ బృందం ఇచ్చింది. 82 మంది పిల్లల్ని ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా మూడేళ్లు వెంబడించారు. దాదాపు తొంభై శాతం మంది ఏదో ఒక దశలో సొంత ఉపాయాలు వాడారు. నిలువు పద్ధతి కన్నా ముందు సొంత ఉపాయాలకు అలవాటుపడిన పిల్లలకు పదుల వ్యవస్థ బాగా పట్టుబడింది, కొత్త సందర్భాలకు దాన్ని అన్వయించగలిగారు, ఒకే తప్పును వరసగా చేయడం వాళ్లలో తక్కువ. నిలువు పద్ధతిని నిషేధించమని ఈ అధ్యయనం చెప్పలేదు. తొందరపడొద్దని మాత్రం చెప్పింది. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది.

నిలువుగా ఒకటే దారి కాదు

సొంత ఉపాయాలంటే పిల్లల్ని గాలికి వదిలేయడం కాదని చూపించింది నెదర్లాండ్స్. అక్కడ 1990ల నుంచి రెండంకెల లెక్కలకు పూసల దండ, దాని తర్వాత అంకెలు లేని ఖాళీ సంఖ్యారేఖ ప్రచారంలోకి వచ్చాయి. 65 − 38 చేయాలంటే గీత మీద 65 దగ్గర నిలబడి, ముప్పై వెనక్కి దూకి 35కు, ఇంకో ఎనిమిది వెనక్కి నడిచి 27కు చేరతారు. డచ్ పరిశోధకుడు బైషూయిజన్ 1993లో ఈ దూకే దారిని, రెండు సంఖ్యల్నీ పదులుగా, ఒకట్లుగా చీల్చే దారితో పోల్చాడు. చీల్చడం కూడికలో హాయిగా సాగుతుంది: 38 + 25లో ముప్పై, ఇరవై యాభై, ఎనిమిది, ఐదు పదమూడు, మొత్తం అరవై మూడు. తీసివేతలో అదే దారి ప్రమాదం. అరవైలోంచి ముప్పై పోయాక ‘ఐదు, ఎనిమిది’ దగ్గరికి వచ్చేసరికి చేయి తనంతట తానే ఎనిమిదిలోంచి ఐదు తీసేస్తుంది. దూకే దారిలో మొదటి సంఖ్య చెక్కుచెదరకుండా ఉంటుంది గనక ఆ తిరకాసు రాదు.

మన స్థాన విలువ బోధన మొత్తం చీల్చడం మీదే నడుస్తుంది. మొదటి రోజు నుంచే పదుల గడి, ఒకట్ల గడి. కూడికలో బాగానే ఉన్న పిల్లలు తీసివేతకు వచ్చేసరికి ఎందుకు జారిపోతారన్న ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు ఉంది. దూకే దారి మనకు పరాయిది కూడా కాదు. ఇరవై ఏడు రూపాయల సరుకుకు యాభై రెండు ఇస్తే, కిరాణా కొట్టులో చిల్లర లెక్క కింది నుంచి పైకే పోతుంది: ఇరవై ఏడు, మూడు ముప్పై, ఇరవై యాభై, రెండు యాభై రెండు. మొత్తం ఇరవై ఐదు. తీసివేత కూడికగా మారిపోయింది, అప్పు ప్రసక్తే రాలేదు. ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన గణితమాల ఇదే దారిలోది. వంద పూసల ఆ దండలో ప్రతి పదికీ రంగు మారుతుంది.

కుడి నుంచి ఎడమకే చేయాలన్న పట్టుదల కూడా మన గణిత సంప్రదాయం పెట్టింది కాదు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో కూడిక, తీసివేతల నియమం చెబుతూ, స్థానాల ప్రకారం అంకెల్ని కలపడం గానీ తీయడం గానీ వరుసక్రమంలోనైనా తిరగేసి అయినా చేయొచ్చన్నాడు. ఆయన బిగించిన షరతు ఒక్కటే: ఏ స్థానం అంకె ఆ స్థానానికే చెందాలి. ఎడమ నుంచి మొదలుపెట్టిన బిడ్డ నోటుబుక్కులో కొట్టివేత పెట్టే ముందు ఇది గుర్తుంచుకోదగ్గది. పెద్ద స్థానం నుంచి మొదలుపెడితే జవాబు దాదాపుగా ఎంతో మొదటి అడుగులోనే తెలిసిపోతుంది. మధ్యలో దిద్దుబాట్లు పెరగడమే దాని ఇబ్బంది. పలకా సుద్దముక్కా ఉన్నవారికి అదేం పెద్ద ఇబ్బంది కాదు.

పుల్లలు, పూసలు, నోట్లు

వస్తువులు పెట్టి నేర్పాలన్న మాటను ఇప్పుడు ఎవరూ కాదనరు. హంగరీలో పుట్టిన గణితవేత్త జోల్టాన్ డీనెస్ పేరు మీద ఘనాలు, కడ్డీలు, పలకలు 1960ల నుంచి ప్రపంచమంతా తిరిగాయి. అనుభవం, భాష, బొమ్మ, గుర్తు అనే నాలుగు మెట్ల వరుసను మన 2022 నాటి పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా సూచించింది. అయితే వస్తువులోనే గణితం కూర్చుని ఉందనుకోవడం పొరపాటని డెబొరా బాల్ 1992లోనే హెచ్చరించింది. కడ్డీలో పదిని చూసేది పదిని ముందే ఎరిగిన పెద్దవాళ్లు. పిల్లలకు అది ఒక కడ్డీ. ఆకర్షణీయమైన వస్తువైతే గుర్తుగా కాక ఆటబొమ్మగా మారే ప్రమాదం ఎక్కువని డేవిడ్ ఉట్టల్ తదితరులు 1997లో చెప్పారు. 55 అధ్యయనాల్ని కలిపి 2013లో వచ్చిన విశ్లేషణ కూడా వస్తువుల వల్ల లాభం చిన్న స్థాయి నుంచి మధ్యస్థ స్థాయి వరకే ఉందనీ, అది టీచరు మార్గదర్శనం మీద ఆధారపడుతుందనీ తేల్చింది.

కాబట్టి అడగాల్సింది వస్తువులు కావాలా వద్దా అని కాదు, ఏ వస్తువు ఎప్పుడు అని. చీపురు పుల్లల కట్టలో పది పుల్లలు కంటికి కనిపిస్తాయి. రబ్బరు బ్యాండు తీస్తే పది ఒకట్లు చేతిలో పడతాయి. 52 − 27కు ఇంతకన్నా మంచి సామగ్రి లేదు. డీనెస్ కడ్డీ పదింతల పొడవు ఉంటుంది గానీ విరగదు, పది ఘనాలకు మార్చుకోవాలి. పది రూపాయల నోటులో ఆ పొడవు కూడా లేదు, పది ఉందని నమ్మాలి. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి దశాంశ నాణేలు వచ్చాక మన డబ్బు స్థాన విలువకు సరిపోయింది గానీ ఐదు, ఇరవై, యాభై నోట్లు మధ్యలో దూరుతుంటాయి. తరగతిలో వంద, పది నోట్లు, రూపాయి బిళ్లలు మాత్రమే ఉంచితే ఆ గొడవ తీరుతుంది. ఇక పూసల చట్రంలో ఒకట్ల పూసా వందల పూసా ఒకటే, తేడా అంతా అవి ఉన్న ఊచలో ఉంది. అంకెల రాతకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఈ చట్రమే, పిల్లల అనుభవానికి దూరంగా ఉండేదీ ఇదే. దీన్ని మొదట కాక చివర్లో ఇవ్వడం న్యాయం. చాలా తరగతి గదుల్లో ఈ వరుస తలకిందులైంది.

వస్తువుకూ రాతకూ మధ్య వంతెన కట్టడమే అసలు పని. కారెన్ ఫ్యూసన్, డయాన్ బ్రయర్స్ 1990లో రాసిన అధ్యయనంలో రెండో తరగతి పిల్లలు దిమ్మెల్ని కదిపిన ప్రతిసారీ ఆ కదలికను వెంటనే అంకెల్లో రాశారు, నోటితో చెప్పారు. కట్ట విప్పగానే ఐదును కొట్టి నాలుగు రాయడం, రెండును పన్నెండు చేయడం ఒకే పనికి రెండు రూపాలని అప్పుడు తెలుస్తుంది. సోమవారం పుల్లలతో ఆడించి, శుక్రవారం నోటుబుక్కులో నిలువు లెక్కలు చేయిస్తే అవి రెండు వేర్వేరు పాఠాలే.

లెక్కించే మాట

ఐరీన్ మియురా, సహచరులు 1980ల చివర నుంచి చైనా, జపాన్, కొరియా పిల్లల్ని అమెరికా పిల్లలతో పోల్చారు. ఆ భాషల్లో పన్నెండును ‘పది రెండు’ అనీ, ముప్పై ఐదును ‘మూడు పది ఐదు’ అనీ అంటారు. సంఖ్యను పదుల కడ్డీలతో చూపమంటే అక్కడి ఒకటో తరగతి పిల్లలు తేలిగ్గా చూపారు. అమెరికా పిల్లలు విడి ఘనాలు లెక్కపెట్టి పేర్చారు. అయితే ఆ దేశాల్లో బోధన, ఇంటి వాతావరణం కూడా వేరే గనక ఘనత అంతా భాషకే కట్టబెట్టలేం. ఒకే దేశంలో, ఒకే పాఠ్యప్రణాళిక కింద వెల్ష్, ఇంగ్లీషు మాధ్యమాల పిల్లల్ని 2008లో ఆన్ డౌకర్ బృందం పోల్చి చూసింది. పేర్లు క్రమంగా ఉండే వెల్ష్ మాధ్యమం వారికి రెండంకెల సంఖ్యల్ని చదవడంలో, పోల్చడంలో కొంత మేలు కనిపించింది గానీ మొత్తం లెక్కల్లో ఆధిక్యం కనిపించలేదు.

తెలుగు మధ్యస్థం. పదకొండు, పదమూడు, పదిహేను, పదహారు అన్నిట్లో పది ముందే వినిపిస్తుంది, పన్నెండు, పంతొమ్మిదిలో కాస్త అరిగింది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ముప్పై ఐదు, రాసే వరుసలోనే పలుకుతాం. హిందీ, ఉర్దూల్లో వంద దాకా దాదాపు ప్రతి సంఖ్యనీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. మనకు ఆ బాధ లేదు. ముప్పై అంటే మూడు పదులు, డెబ్భై అంటే ఏడు పదులు అన్న సంగతి మాత్రం మాటలో మరుగున పడింది. కొన్నాళ్ల పాటు రెండు రకాలుగానూ చెప్పించడం, ‘ముప్పై ఐదు, అంటే మూడు పదులు ఐదు ఒకట్లు’, ఖర్చు లేని ఉపాయం.

ఇంగ్లీషు మాధ్యమంలోకి వెళ్లగానే తెలుగు ఇచ్చిన ఈ వెసులుబాటు పోతుంది. థర్టీన్‌లో మూడు ముందు పలికి పది వెనక వస్తుంది, థర్టీకీ థర్టీన్‌కీ చెవిలో తేడా తక్కువ. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్ని రెండు భాషల్లో ఎదురెదురు పేజీల మీద అచ్చువేసింది. ఆ ఎదురు పేజీ లెక్కల్లో ఎంతో పనికొస్తుంది. సంఖ్యను ముందు తెలుగులో విప్పి, తర్వాత ఇంగ్లీషు పేరు తగిలించొచ్చు. మాధ్యమం మీద వాదన ఎటు తేలినా, ఒకటి, రెండు తరగతుల్లో పదుల్ని బిడ్డ ఇంటి భాషలో లెక్కించనివ్వడానికి ఏ జీవో అడ్డం రాదు.

టీచరుకు తెలిసినంతే

1999లో లిపింగ్ మా పుస్తకం ఈ చర్చను పిల్లల నుంచి టీచర్ల వైపు తిప్పింది. ఆమె 23 మంది అమెరికా టీచర్లనూ 72 మంది చైనా టీచర్లనూ అడిగిన మొదటి ప్రశ్న 52 − 25 లాంటి తీసివేత ఎలా నేర్పుతారనే. అమెరికా టీచర్లలో 77 శాతం, చైనా టీచర్లలో 14 శాతం అడుగుల వరుసను మించి చెప్పలేకపోయారు. చైనా టీచర్లకు డిగ్రీలు ఎక్కువ లేవు, కాలేజీ చదువు లేనివారే ఎక్కువ. తేడా వాళ్లకు తెలిసిన విషయం ఒకదానికొకటి అల్లుకుని ఉండడంలో ఉంది. పెద్ద తీసివేతలకు కీలకం ఇరవై లోపు తీసివేతల్లోనే ఉందని వారు చెప్పారు. 13లోంచి 8 తీయడానికి పదిలోంచి ఎనిమిది తీస్తే రెండు, దానికి మూడు కలిపితే ఐదు. పదిని విప్పడం అక్కడే మొదటిసారి జరుగుతుంది. ఆ మెట్టు మీద వేళ్లు మడిచి లెక్కపెట్టి దాటేసిన బిడ్డకు 52 − 27 దగ్గర విప్పడమనేది కొత్త సంగతి.

ఇది మన శిక్షణ కార్యక్రమాలకు సూటిగా తగిలే మాట. ‘రెండులోంచి ఏడు పోదు’ అని చెప్పే టీచరు ఒక అబద్ధాన్ని, రుణసంఖ్యలు వచ్చిన రోజున వెనక్కి తీసుకోవాల్సిన అబద్ధాన్ని నేర్పుతున్నారు. ‘రెండు ఒకట్లు చాలవు, ఒక కట్ట విప్పుదాం’ అనడానికి అంతకన్నా ఎక్కువ సమయం పట్టదు.

మన తరగతి గదుల్లో

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జూలై 5న నిపుణ్ భారత్ ప్రారంభించింది. గడువు 2026–27. తెలంగాణలో 2022 ఆగస్టులో ఇదే లక్ష్యంతో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. పిల్లల్ని తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి జట్లు చేసి నేర్పే పద్ధతికి ప్రథమ్ చేసిన ప్రయోగాల్లో మంచి సాక్ష్యం ఉంది. వడోదర, ముంబై బడుల్లో వెనకబడిన పిల్లలకు విడిగా పాఠాలు చెప్పించిన కార్యక్రమం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. జట్లు కట్టడం మంచిదే. జట్టులో కూర్చోబెట్టాక మళ్లీ అదే నిలువు లెక్క, అదే ‘అప్పు’ చెబితే మాత్రం కదిలేది తక్కువ.

మన పిల్లలకు లెక్క రాదనడం కూడా సగం నిజమే. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. కిలోల్లో, రూపాయల్లో చిక్కు లెక్కల్ని నోటితోనే చేసి సరిగ్గా చిల్లర ఇచ్చే ఆ పిల్లలు, బడి రూపంలో రాసి ఇచ్చిన మామూలు లెక్కల దగ్గర ఆగిపోయారు. బజారు అనుభవం లేని బడి పిల్లల సంగతి తిరగేసి ఉంది: కాగితం మీద మెరుగు, బేరం దగ్గర వెనుకంజ. బ్రెజిల్‌లోని రెసీఫీ వీధుల్లో టెరెజినా నూనెస్ బృందం 1985లో చెప్పినదానికి ఇది మన గడ్డ మీద రుజువు. యాభై రెండునూ ఇరవై ఏడునూ మొత్తాలుగా పట్టుకోవడం బజారు నేర్పింది, అంకెల్ని గడుల్లో పేర్చడం బడి నేర్పింది. ఇద్దరికీ లోటు ఒకచోటే ఉంది, ఆ రెండింటినీ కలిపే చోట.

తేలింది, తేలనిది

ఇంత సాక్ష్యం తర్వాత కొన్ని విషయాల మీద వాదన ముగిసిందనే అనొచ్చు. కారణం తెలియకుండా నేర్చిన పద్ధతి, సున్నా ఎదురైన మొదటి లెక్కలోనే విరుగుతుంది. వస్తువులు రాతతో ముడిపడితేనే పనిచేస్తాయి. ఇరవై లోపు కూడిక, తీసివేతల్లో పదిని కట్టడం, విప్పడం రాకుండా రెండంకెల నిలువు లెక్కకు వెళ్లడం తొందరపాటు. తప్పు జవాబు బిడ్డ ఆలోచనకు నమ్మకమైన ఆనవాలు.

నిలువు పద్ధతిని సరిగ్గా ఏ తరగతిలో మొదలుపెట్టాలన్నది ఇంకా వాదనే. నాలుగో తరగతి దాకా వద్దే వద్దనే కమీ మాట అతి. మూడంకెలు, నాలుగంకెలు వచ్చేసరికి కుదించి రాసే ఆ పద్ధతి నిజంగా గొప్ప సౌకర్యం, దాన్ని పిల్లలకు దక్కకుండా చేయడం అన్యాయం. నా ఉద్దేశంలో రెండో తరగతి అంతా కట్టలు, దండ, ఖాళీ గీత, నోటి లెక్కలకు ఇచ్చి, నిలువు రాతను మూడో తరగతిలో ఆ అనుభవానికి సంక్షిప్త రూపంగా తేవడం మేలు. అప్పుడు కూడా 601 − 598 లాంటివి మధ్యమధ్యలో ఇవ్వాలి. సున్నాల మీదుగా అప్పు తెచ్చుకుంటూ కూర్చుంటారా, మూడడుగుల దూరమే కదా అని నవ్వుతారా అన్నది చూడాలి.

విధాన స్థాయిలో చేయగలిగిన అతి చౌకైన మార్పు పరీక్షలో ఉంది. సరైన జవాబుల శాతంతో ఆగిపోయే ప్రగతి నివేదికలు టీచరుకు ఏమీ చెప్పవు. 38 + 25, 345 + 27, 52 − 27, 203 − 58: ఈ నాలుగు లెక్కల్ని తరగతికి ఇచ్చి, వచ్చిన తప్పు జవాబుల్ని కుప్పలుగా వేరు చేస్తే చాలు. 513 వేసినవారికి పది ఒకట్లను కట్టడం చూపాలి. 615 వేసినవారికి గడి కాదు, పరిమాణం కావాలి, ముందు అంచనా వేయించాలి. 35, 255 వేసినవారి చేతికి పుల్లల కట్టలివ్వాలి. 155, 245 వేసినవారికి వంద నోటును పదులుగా, ఒక పదిని రూపాయలుగా రెండంచెల్లో మార్పించాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. ఒక పీరియడూ, నలభై కాగితాలూ, ఎర్ర పెన్ను పక్కన పెట్టి జవాబుల్ని చదివే ఓపికా చాలు.